మూడు ఏనుగుల కేకుకి కేజీ లెక్కేంటండీ

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాసింది చదివాను. వాళ్ళ పాప మొదటి పుట్టినరోజుకి ఇంట్లో కేకులు చేసే ఆవిడకి పైన మూడు ఏనుగుల బొమ్మలతో కేజీ కేకు ఆర్డర్ ఇస్తే 1,400 తీసుకుందంట, వీధి చివర బేకరీలో అదే కేజీ 600కి వస్తుంది, ఆవిడకి షాపు అద్దె లేదు, జీతాలివ్వక్కర్లేదు, ఇంట్లో కూర్చుని చేసేదానికి ఇంత దోపిడీ ఏంటి, పైగా వచ్చినవాళ్ళలో సగం మందికి కేకు అందనే లేదు అని. మా ఆయన పేపర్ మడిచి నా ముందు పెట్టి "నీ గురించే రాసినట్టున్నారు చూడు" అన్నారు. నా గురించి కాదండీ, ఆ కేకు నేను చెయ్యలేదు, ఆయనది ఏ ఊరో కూడా తెలీదు. కానీ రాజమండ్రిలో ఆరేళ్ళ నుంచి ఇంట్లో కేకులు చేసి అమ్ముతున్నదాన్ని, ఆ ఉత్తరం చదివాక రెండ్రోజులు ఏ పని చేస్తున్నా మనసులో అదే తిరిగింది, అందుకే రాస్తున్నాను. కొంచెం పొడుగవుద్ది, మీకు చోటు లేకపోతే కత్తిరించుకోండి, ఏనుగుల దగ్గర మాత్రం కత్తిరించకండి.

ఆయన రాసినదాంట్లో సగం నిజం ఉంది, ముందు అది ఒప్పేసుకుంటాను. సగం మందికి కేకు అందకపోవడం అన్నది ఆర్డర్ తీసుకున్నావిడ తప్పే. ఎంతమంది వస్తున్నారండీ అని ఒక్క మాట అడిగుంటే అయిపోయేది. కానీ ఆవిడ అడగలేదు, ఈయన చెప్పలేదు, ఇద్దరూ కలిసి "కేజీ" అనుకున్నారు. ఈ కేజీ అనే మాటే మా కొంప ముంచుతోందండీ, కొనేవాళ్ళనీ ముంచుతోంది.

ఒకసారి ఏమైందంటే, కోటగుమ్మం వైపు ఒకళ్ళకి కేజీ బటర్‌స్కాచ్ ఇచ్చాను, క్రీమ్ కేకు. ఆయన దాన్ని నేరుగా పక్కన కిరాణా కొట్టుకి తీసుకెళ్ళి కాటా మీద పెట్టించారు. కేకు కింద అట్టతో కలిపి 1,040 గ్రాములు వచ్చింది, నా దగ్గర అలాంటి అట్టే ఇంకోటి ఉంది కదా దాన్ని తూయిస్తే 110. అంటే కేకు 930. ఫోన్ చేసి "70 గ్రాములు కొట్టేశారమ్మా" అన్నారు. నాకు నోట మాట రాలేదు. తూకంలో అట్ట కలపకూడదు అన్నది కరెక్టే, స్వీటు షాపులో డబ్బాతో కలిపి తూస్తే మనం గొడవ పెట్టుకుంటాం కదా, ఇదీ అంతే, ఆయన వైపు న్యాయం ఉంది. ఆయనకి 70 రూపాయలు వెనక్కి పంపాను. కానీ ఆ రాత్రి ఆలోచిస్తే నవ్వొచ్చింది. బరువే కావాలంటే నాకేం కష్టమండీ, స్పాంజి మీద పంచదార పాకం ఇంకో రెండు గరిటెలు పోస్తే 70 గ్రాములు వచ్చేస్తుంది, ఖర్చు రెండు రూపాయలు కూడా అవ్వదు, కేకు మాత్రం ముద్దముద్దగా అయిపోద్ది. క్రీమ్ బాగా గిలక్కొడితే గాలి పట్టి మూడింతలు పొంగుద్ది, కేకు తేలిగ్గా ఉంటది, అది మంచి కేకు. ఫాండెంట్ అని పంచదార ముద్దలాంటిది ఉంటుంది, అది పైన దుప్పటిలా కప్పేస్తే అదే సైజు కేకు పావుకేజీ పైనే బరువెక్కుద్ది, పిల్లలు అది వొలిచి పక్కన పెట్టేస్తారు. మరి కాటా మీద ఏది గెలుస్తుందో చెప్పండి.

మా అత్తగారిది ఆత్రేయపురం పక్క ఊరు. ఆ పూతరేకులకి 2023లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ఊరి సరుకు అనే ప్రభుత్వ గుర్తింపు కూడా వచ్చింది, అది అందరికీ తెలిసిందే. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, నీళ్ళలాంటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి కుండ మీద లాగితే ఆ రేకు వస్తుంది, ఉఫ్ అని ఊదితే ఎగిరిపోద్ది. ఆవిడకి ఈ కాటా సంగతి చెప్తే ఒకటే అన్నారు, "రేకు తూకానికి అమ్ముకుంటే కుండ కింద కొబ్బరాకు డబ్బులు కూడా రావే" అని. అందుకే పూతరేకులు లెక్కకి అమ్ముతారు, పది రేకుల డబ్బా ఇంత అని. అక్కడికెళ్ళి ఎవరూ కేజీ ఎంత అనరు. తాపేశ్వరం కాజా అంటే కేజీ ఎంత అంటారు, దానికది సరిపోద్ది. బంగారం కొట్లో అయితే గ్రాము రేటు వేరు, తరుగు వేరు, మజూరీ వేరు, మనం నోరు మూసుకుని ఇచ్చేసి వస్తాం. జాకెట్టుకి మగ్గం వర్క్ చేయిస్తే గుడ్డ 400, వర్క్ 4,000, ఎవరూ "మీటరు ఎంతమ్మా" అనరు. కేకు దగ్గరకి వచ్చేసరికి ఏనుగులూ కేజీలోనే, రంగులూ కేజీలోనే, నా నడుం నొప్పీ కేజీలోనే.

ఇక 1,400 సంగతి. నేనే గనక ఆ కేకు చేసుంటే నాకెంత పడేదో కాగితం మీద వేసి చూశాను, ఈ మధ్య నేను కొంటున్న రేట్లతో. గుడ్లు 4, 28 రూపాయలు. మైదా, పంచదార, నూనె, పాలు, కోకో, బేకింగ్ పౌడర్ అన్నీ కలిపి 90. విప్పింగ్ క్రీమ్ 350 మిల్లీలీటర్లు 90. చాక్లెట్ కాంపౌండ్ అని కేకుల్లో వాడే చాక్లెట్ 60. అట్ట, డబ్బా 65. కొవ్వొత్తి, ప్లాస్టిక్ చాకు, కరెంటు 25. ఫాండెంట్ పావుకేజీ, జెల్ రంగులు, అది గట్టిపడ్డానికి వేసే పౌడరు 100. మొత్తం 460 దగ్గర తేలింది. అదే ఎగ్‌లెస్ అంటే గుడ్ల బదులు కండెన్స్‌డ్ మిల్క్ పడుతుంది కాబట్టి ఇంకో 60, 70 పెరుగుద్ది, చాలామంది గుడ్డు లేదు కదా తగ్గించండి అంటారు, అక్కడ నాకు ఏడవాలో నవ్వాలో తెలీదు.

అంటే 940 మిగిలింది కదా అంటారు. ఇప్పుడు ఏనుగుల దగ్గరకి వద్దాం. మొదటి పుట్టినరోజుకి ఏనుగులు, సింహాలు, జిరాఫీలు అడుగుతారు, అదే ఇప్పటి ఫ్యాషను. ఆ ఫాండెంట్‌తో ఏనుగు చెయ్యడం చూడ్డానికి తేలిక, గుండ్రంగా ఒంటికి ఒక ఉండ, తలకి ఒక ఉండ, నాలుగు కాళ్ళు, రెండు చేటల్లాంటి చెవులు. తొండం దగ్గర తెలుస్తుంది అసలు కథ. పైకి ఎత్తిన తొండం కావాలంటారు, శుభం అని. దాని లోపల పచ్చి స్పగెట్టీ పుల్ల గుచ్చాలి, టూత్‌పిక్ గుచ్చకూడదు, పాప నోట్లో పెట్టుకుంటుంది. అది గట్టిపడాలంటే రెండు రోజులు ముందే చేసి ఫ్యాను కింద ఆరబెట్టాలి. మా ఇల్లు గోదావరికి దగ్గర, వానాకాలంలో గాల్లో తడే తడి, పోయిన జులైలో ఒక ఏనుగుకి తొండం పొద్దున్నకల్లా వాలిపోయి కడుపుకి అంటుకుపోయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ వాలింది. మూడోసారి మా అబ్బాయి హెయిర్ డ్రయ్యర్ చల్లగాలిలో పట్టుకుని కూర్చుంటే నిలబడింది. ఫ్రిజ్‌లో పెట్టొచ్చు కదా అనకండి, ఫ్రిజ్‌లోంచి బయటికి తియ్యగానే చెమట పట్టి రంగు కారుద్ది. మూడు ఏనుగులు అంటే నాకు నాలుగు గంటలు. బేకింగు గంటన్నర, క్రీము పని గంటన్నర, గిన్నెలు, క్రీము పిండే జిడ్డు నాజిల్స్ కడుక్కోడం, ప్యాకింగ్ అన్నీ కలిపి ఎనిమిది గంటలు. 940ని ఎనిమిదితో భాగిస్తే గంటకి 117. మొన్న మా ఇంటికి ఎలక్ట్రీషియన్ వచ్చి పది నిమిషాల్లో ఫ్యాన్ రెగ్యులేటర్ మార్చి 200 తీసుకున్నాడు, తప్పు అనట్లేదు, అతని పనికి అతని రేటు. నేను కూడా అదే అంటున్నాను.

బేకరీ 600కి ఎలా ఇస్తుందంటే, వాళ్ళకి పెద్ద మిక్సరులో ఒకేసారి ఇరవై స్పాంజీలు అవుతాయి, మైదా బస్తాల్లో కొంటారు, కేకు మాస్టారు పది నిమిషాల్లో ఒక కేకుకి క్రీము పట్టేస్తాడు, పైన ఒక గులాబీ పువ్వు, పేరు, అయిపోయింది. డిసెంబర్ 31 రాత్రి బేకరీల ముందు షామియానా వేసి కూల్ డ్రింకు బాటిల్‌తో కలిపి అమ్మేస్తారు చూడండి, ఆ రోజు నేను ఆర్డర్లే పెద్దగా తీసుకోను, వాళ్ళతో పోటీ నావల్ల కాదు, అవసరం కూడా లేదు. పేరు రాసి ఒక పువ్వు చాలు అనుకునేవాళ్ళు బేకరీలో కొనుక్కోవడమే మంచిది, నేనే చెప్తాను చాలామందికి.

ఇప్పుడు ముక్కల సంగతి, ఇదే ముఖ్యం. మామూలుగా క్రీమ్ కేకు కేజీ అంటే 8 అంగుళాల టిన్ను, 3 అంగుళాల ఎత్తు, కాస్త అటూ ఇటూగా. అరకేజీ అంటే 6 అంగుళాలు. "రెండంగుళాలకి డబ్బులు డబుల్ ఏంటమ్మా" అని అడుగుతారు. పెనం మీద అట్టు కాస్త వెడల్పు చేస్తే పిండి ఎంత ఎక్కువ లాగుద్దో ఆడవాళ్ళకి తెలుసు, మగవాళ్ళు స్కూల్లో చదివిన పై ఆర్ స్క్వేర్ గుర్తు తెచ్చుకోండి, 6 అంగుళాలది 28 చదరపు అంగుళాలు, 8ది 50, 10ది 78. డబుల్‌కి డబుల్ దగ్గర దగ్గర ఉంది కదా.

ఆ 50 చదరపు అంగుళాల్ని ఎలా కోస్తారన్న దాన్ని బట్టి ఎంతమందికి వస్తుందన్నది ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక బర్త్‌డేకి నేను కేజీ కేకు ఇచ్చి నేనూ వెళ్ళాను. కేండిల్ ఊదడం అయ్యాక ఒక పెద్దాయన చాకు తీసుకుని పిజ్జాలాగా మధ్యలోంచి త్రికోణాలు కొయ్యడం మొదలెట్టారు. ఒక్కో ముక్క అరచేతంత. ఎనిమిది ముక్కలకి సగం పైన అయిపోయింది, వెనకాల పిల్లలు పేపర్ ప్లేట్లు పట్టుకుని లైన్లో ఉన్నారు. నాకు ప్రాణం ఆగలేదు, "బాబాయ్ గారూ, ఒక్క నిమిషం ఇలా ఇవ్వండి" అని చాకు తీసుకున్నాను. కేకుని గుండ్రం అనుకోకుండా పలకలాగా అనుకోవాలి. ఒక పక్క నుంచి రెండంగుళాల వెడల్పు పట్టీలు నిలువుగా కొయ్యాలి, నాలుగు పట్టీలు వస్తాయి, ఒక్కో పట్టీని అడ్డంగా అంగుళంన్నర చొప్పున ముక్కలు చెయ్యాలి. మధ్య రెండు పట్టీలకి ఐదేసి, చివరి రెండిటికి మూడో నాలుగో. మొత్తం 16, 17 ముక్కలు, ఒక్కోటి 60 గ్రాములు. ప్లేటులో చిప్స్, సమోసా, ఇంత మిక్చరు ఉంటాయి, వెనకాల బిర్యానీ ఉంటుంది, 60 గ్రాముల కేకు ఎవరికీ తక్కువ కాదు. చాకు ప్రతిసారీ వేడినీళ్ళలో ముంచి తుడుచుకుంటే క్రీము గీరుకుపోకుండా నీటుగా వస్తుంది. అదే పిజ్జా కోత కోస్తే కేజీకి పది మంది, కోతలోనే ఆరేడుగురి వాటా పోయింది. మొహాలకి పూసుకోవడానికి ఒక పావుకేజీ పోతే ఇక చెప్పక్కర్లేదు, కాలేజీ కుర్రాళ్ళ ఆర్డర్ అయితే నేను ముందే అడిగేస్తాను, తినడానికా పూసుకోడానికా అని. పూసుకోడానికైతే దయచేసి నా దగ్గర వద్దు బాబూ అంటాను.

60 మంది వస్తారంటే నేనిప్పుడు 4 కేజీల బొమ్మల కేకు చెయ్యను. ముందు కటింగ్‌కి, ఫోటోలకి ఒక కేజీన్నర బొమ్మల కేకు, లోపల వంటింట్లో అదే రుచితో ఒక ట్రే కేకు, 10 బై 14 అంగుళాల ట్రే, పైన సాదా క్రీమ్. రెండంగుళాల చతురస్రాలు కోస్తే 35 ముక్కలు. బొమ్మల కేకు 25 మందికి వస్తుంది. వచ్చినవాళ్ళకి తన ముక్క ఏ కేకులోదో తెలీదు, ట్రే కేకుకి పని లేదు కాబట్టి రేటు బేకరీ రేటుకి దగ్గరలోనే ఇస్తాను. రెండంతస్తులు కనపడాలి ఫోటోలో అంటే కింద అంతస్తు థర్మాకోల్ పెట్టి క్రీమ్ పూస్తాను, ముందే చెప్పి మరీ. చెప్పకుండా పెట్టేవాళ్ళు ఉన్నారు, అది మోసం.

మావాళ్ళ తప్పులు కూడా రాయకపోతే న్యాయం కాదు. అట్టతో కలిపి తూసేవాళ్ళు ఉన్నారు, పైన చెప్పినట్టు మొదట్లో నేనూ చేశాను తెలీక. "ఫ్రెష్ క్రీమ్ కేక్" అని బోర్డు పెట్టి వాడేది వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసిన నాన్ డెయిరీ క్రీము. నేను కూడా అదే వాడతానండీ, మే నెలలో రాజమండ్రి ఎండకి పాల క్రీము పది నిమిషాలు నిలబడదు, దుకాణాల్లో దొరికే మామూలు ఫ్రెష్ క్రీమ్ ప్యాకెట్‌లో ఫ్యాట్ 25 శాతమే ఉంటుంది, అది గిలక్కొట్టినా గట్టిపడదు. కాకపోతే వాడేది నాన్ డెయిరీ అని కొనేవాళ్ళకి చెప్పాలి. ఎఫ్ఎస్ఎస్ఏఐ అని తినే సరుకుల భద్రత చూసే కేంద్ర సంస్థ ఉంది, దాని రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మేవాళ్ళు బోలెడుమంది, నేను ఆన్‌లైన్‌లో కట్టినప్పుడు నాలాంటి చిన్నవాళ్ళకి ఫీజు ఏడాదికి 100 రూపాయలే, 14 అంకెల నంబరు వస్తుంది, డబ్బా మీద వేసుకోవచ్చు. అది కూడా చెయ్యకపోతే ఇంక మనం రేటు గురించి మాట్లాడ్డం దేనికి. ఇంకో రకం, కొత్తగా మొదలెట్టినవాళ్ళు, పక్కావిడ 700కి ఇస్తుంది కాబట్టి నేను 650 అని ఖర్చు రాసుకోకుండానే రేటు పెట్టేస్తారు, ఆరు నెలలయ్యాక ఓటీజీ ఓవెన్‌ని పాత సామాన్లు అమ్మే ఓఎల్ఎక్స్‌లో అమ్మేసుకుంటారు. వాళ్ళు వెళ్ళిపోతారు, 650 అన్న రేటు మాత్రం కస్టమర్ బుర్రలో ఉండిపోద్ది.

జీఎస్టీ గురించి కూడా ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి కేకుల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది కదా, ఆ వారం ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "మరి మీరెంత తగ్గించారు" అనే అడిగారు. నేను అసలు జీఎస్టీ వసూలు చేస్తేగా తగ్గించడానికి, నా అమ్మకం ఆ లెక్కలోకే రాదు. చాక్లెట్, బటర్, కండెన్స్‌డ్ మిల్క్ మీద తగ్గింది కాబట్టి కేకుకి ఓ పది, ఇరవై నాకు కలిసొచ్చింది నిజమే, అంతకు ముందు ఏడాది 2024లో ఆఫ్రికాలో పంట పోయి కోకో రేటు ప్రపంచమంతా మండిపోయినప్పుడు చాక్లెట్ కాంపౌండ్ రేటు పెరిగితే మాత్రం నేను ఎవరినీ అదనంగా అడగలేదు.

ఉగాది నుంచి నేను కేజీ రేటు చెప్పడం మానేశాను. ఫోన్ చెయ్యగానే ఎంతమందండీ, భోజనం ఉందా స్నాక్సా, ఏ టైముకి, హాల్లో ఏసీ ఉందా అని అడుగుతాను. తర్వాత వాట్సాప్‌లో మూడు లైన్లు పంపుతాను, కేకు ఇంత, పని ఇంత, డెలివరీ ఇంత. సగం అడ్వాన్స్. కొవ్వూరు వెళ్ళాలంటే బ్రిడ్జి మీద కుదుపులకి రెండంతస్తుల కేకు ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చోవాలి, అందుకే డెలివరీ వేరు. మొదటి నెల ఆర్డర్లు తగ్గాయి, అబద్ధం చెప్పను. ఫోన్ పెట్టేసి మళ్ళీ చెయ్యనివాళ్ళు చాలామంది. కానీ దానవాయిపేట నుంచి ఒక మామ్మగారు, మనవడి పుట్టినరోజుకి, ఆ మూడు లైన్లు చదివించుకుని "పని 600 అన్నావు కదమ్మా, బొమ్మలు తీసెయ్, ఆ డబ్బుకి ముక్కలు పెంచు, మా వీధిలో పిల్లలు ఎక్కువ" అన్నారు. అలా విడగొట్టి చూపించబట్టే కదా ఆవిడకి ఏం కావాలో ఆవిడ తేల్చుకోగలిగింది. కేజీ 1,400 అని చెప్పుంటే దొంగదాన్ని అనుకుని ఫోన్ పెట్టేసేవారు.

ఉత్తరం రాసినాయనకి చెప్పేది ఒకటేనండీ, ఆ కేకు ఏనుగులు లేకుండా అడిగుంటే నేనైతే 850కి ఇచ్చేదాన్ని, ఎంతమందో చెప్పుంటే పక్కన ఒక ట్రే కేకు కూడా పెట్టుకోమని చెప్పేదాన్ని. ఆ ఏనుగులు చేసినావిడ ఎవరో నాకు తెలీదు, ఆవిడ మిమ్మల్ని సరిగ్గా అడక్కపోవడం తప్పే. కానీ మీ ఉత్తరంలో మూడు ఏనుగులనీ, ఒకదానికి నీలం టోపీ ఉందనీ మీరే రాశారు, ముక్కలు ఎన్నొచ్చాయో మాత్రం రాయలేదు. ఆ మూడింటినీ మీ పాప తినేసిందా, లేక ఇంకా ఫ్రిజ్ డోరులో గుడ్ల పక్కన నిలబెట్టి ఉన్నాయా అని తెలుసుకోవాలనుంది.

ఇట్లు,
ఒక హోం బేకర్,
రాజమహేంద్రవరం